వట్టి చేతుల మణికేతుడు

రేపల్లె,
9-7-1967

తమ్ముడు సీతారామాంజనేయులికి అక్క సీతారావమ్మ దీవించి రాసే సంగతులు.

ఇక్కడ నేనూ గేదే క్షేమం. నువ్వూ క్షేమమనే అనుకుంటాను, అనుకోక చేసేదేముంది. కాలవకి ఇంకా నీళ్లు వదల్లేదు. నారుమడి ఎండిపోతోందని మన పాలేరు ముత్తయ్య రోజూ వచ్చి నా మొహంలోకి చూస్తాడు. నేనేమన్నా వరుణదేవుణ్ణా?

నువ్వు పంపిన "మునిగిన దీవి" నాలుగో భాగం అందింది. ఒరే, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తండ్రి ఏలిన దీవిని రాక్షసుడు సముద్రంలో ముంచేశాడు, దాన్ని మళ్లీ పైకి తేవడానికి మణికేతుడు బయల్దేరాడు. బాగానే ఉంది. నాలుగు భాగాల నిండా కొండచిలువల్ని నరికాడు, మాంత్రికురాలి జడ కోశాడు, నిప్పుల వాగు దాటాడు. వాడి కాల్లో ఒక ముల్లయినా దిగదేంరా? వాడికి అన్నం ఎవరు వండుతున్నారు? బయల్దేరిన నాడు ఎట్లా ఉన్నాడో ఈనాడూ అట్లాగే ఉన్నాడు. మనిషి బస్సెక్కి పేరాల వెళ్లి పంచెల చాపు కొనుక్కొచ్చినా ఎంతో కొంత మారి వస్తాడు కదా.

వాడి పెళ్లాం రత్నమాలకేమో ఎవరో మంత్రం వేశారనీ, మొగుడు తిరిగొచ్చేదాకా పూలపాన్పు మీద నిద్రపోతూనే ఉంటుందనీ రాశావు. ఎంత సుఖంరా తల్లీ! ఆ మంత్రమేదో నాకూ వేయించు. గేదె పాలు ఎవరు పిండుతారో కూడా పక్కనే రాయి.

నవ్వులాటకి రాయడం లేదు. కొల్లూరు లంకలో మన పొలాన్ని కృష్ణ కోసుకుపోయి నాలుగేళ్లయింది. పోయింది పోయిందని లంకలో అందరూ ఏడ్చి ఊరుకున్నారు. మీ బావ ఊరుకోలేదు. "పొలం పోలేదు, అవతలి ఒడ్డున మేట వేసింది, ఆ మట్టి నాది" అంటారు. బాపట్లలో రిటైరయిన సర్వేయరు ఒకాయన పాత పటాలు చూసి న్యాయం మీదేనండి అన్నాట్ట. అంతే, అక్కడే గది తీసుకున్నారు. ఎప్పుడో వస్తారు, గుమ్మం ఎక్కకుండానే ఉతికిన బట్టలు పట్టుకుని వెళ్తారు. ఈ ఊళ్లో మిగిలిన పొలం చెక్క నేనూ ముత్తయ్యా చూసుకుంటున్నాం.

పోయినసారి వచ్చినప్పుడు నీ పుస్తకం మూడో భాగం నిలబడే చదివేశారు. చదివి, "చూశావా సీతా, మణికేతుడు వెనక్కి తిరిగాడా?" అని నన్నే అడిగారు. ఆ దీవి ఎవరి పొలమో నాకు తెలియదనుకున్నావా? ఆయనకీ తెలుసు.

అందుకే అడుగుతున్నాను. వాణ్ణి వెనక్కి తిప్పు. దీవి దొరక్కుండానే మణికేతుడు ఇంటికి రావాలి, అది ఆయన చదవాలి. నా మాట ఎటూ వినరు. నీ మాట అచ్చులో ఉంటుంది కనక వింటారు. నేను అలిసిపోయానురా.

అక్క

---

తెనాలి,
21-7-1967

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం ప్రెస్సుకే వచ్చింది. ప్రూఫులు దిద్దీ దిద్దీ కళ్లు మంటలెత్తి ఉన్నాను, నీ దస్తూరీ చూసి ప్రాణం లేచొచ్చింది, చదివాక మళ్లీ కూలబడింది.

అక్కా, ఆ దీవి బావ పొలమే. ఏం చేయమంటావు, నేను దగ్గరగా చూసిన వీరుడు ఆయనొక్కడే.

కానీ నువ్వడిగింది అయ్యే పని కాదు. జానపద నవలలో ఒక వస్తువు కోసం బయల్దేరినవాడు అది తెచ్చేదాకా తిరిగి రాకూడదు. అది ఈ పుస్తకాల కట్టుబాటు. వాడు మారలేదన్నావు, అది మాత్రం నేనొప్పుకోను. మొదటి భాగంలో పొగరుబోతు. నిప్పుల వాగు దగ్గర భయం తెలుసుకున్నాడు. గుడ్డి గంధర్వుణ్ణి వీపున మోసినప్పుడు జాలి తెలుసుకున్నాడు. వెతుకులాటే వాణ్ణి మనిషిని చేస్తోంది. సగంలో తిప్పేస్తే ఆ నేర్చుకున్నదంతా ఏం కావాలి?

ఇంతకీ ఈ మాటలు నీకు రాస్తున్నానే గాని, మా పబ్లిషరు బసవపున్నయ్యగారు వింటే నన్ను చంపుతారు. "వీరుణ్ణి మార్చకయ్యా బాబూ, మార్చితే వచ్చే భాగానికి పాఠకుడు గుర్తుపట్టడు" అంటారాయన. ఆయన ముందు దొంగతనంగా మార్చుకుంటూ వస్తున్నాను. మూణ్ణెల్లకో భాగం రాయడం అంటే తిరగలి తిప్పడమే, పిండి రావాలి, నలిగిందేమిటని ఎవరూ అడగరు.

నీ మాట పూర్తిగా తీసేయను. ఒక మునిని పెడతాను. ఆయన చేత మణికేతుడికి చెప్పిస్తాను, ఇంటికి వెళ్లు నాయనా అని. బావ కళ్లబడితే ఆలోచనలో పడతాడు. రత్నమాల సంగతి కూడా చూస్తాను, ఒకసారి ఒత్తిగిలి పడుకునేట్టు రాయనా?

నీ తమ్ముడు
ఆంజనేయులు

---

రేపల్లె,
14-12-1967

ఆంజనేయులికి,

దీవెనలు వేరే రాయడం లేదు, ఉన్నవాటితో సర్దుకో.

నీ ముని చాలా మంచివాడు. "పోయినదాని వెంట పోయేవాడు ఉన్నదాన్నీ పోగొట్టుకుంటాడు నాయనా" అన్నాడు. చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఇక తిరిగొస్తాడు మహానుభావుడు అనుకుని పేజీ తిప్పితే ఏముంది? మణికేతుడు ఛాతీ విరుచుకుని, "తాపసోత్తమా! వట్టి చేతులతో వెనుదిరిగినవాడి మొహం ఇల్లాలు కూడా చూడదు" అని ఉపన్యాసం! అదీ లావు అక్షరాల్లో!

ఆ లావు అక్షరాలు మీ బావ చదివారు. చదివి, సర్వేయరు వద్దంటున్నా వినకుండా పడవెక్కి అవతలి ఒడ్డుకి పోయి, ఆ మేట మీద పాక వేశారు. అక్కడ వంగతోట వేసుకున్న రైతులు ఊరుకుంటారా? వాళ్లూ మనలాంటివాళ్లే, వాళ్ల పొలాలూ ఒకప్పుడు కృష్ణ తిన్నవే. ముందు మర్యాదగా చెప్పారట. తర్వాత పాక పీకి ఏట్లో వేశారు. ఆ తోపులాటలో ఆయన చెయ్యి విరిగింది. ముత్తయ్యని పంపితే చూసొచ్చి చెప్పాడు. కట్టు కట్టించుకుని మళ్లీ బాపట్ల గదిలోనే కూర్చున్నారు. ఇంటికి రమ్మంటే, "మీ అమ్మగారికి చెప్పు, ఇంక ఎంతో లేదు" అన్నారట.

విరిగింది కుడిచెయ్యిరా. అన్నం ఎట్లా కలుపుకుంటున్నారో.

వెతుకులాట మనిషిని చేస్తుందని రాశావు. ఈయనకి ముందు నవ్వు పోయింది. తర్వాత మాట పోయింది. ఇప్పుడు చెయ్యి. ఎన్నో భాగానికి మనిషవుతారో కాస్త లెక్క చెప్పు.

నేను వెళ్లి చూడలేదు. కోతలు. కూలీలు దొరక్క నేనే కొడవలి పట్టాను. వెళ్లినా ఏముంది, ఆయనకి నాకంటే ఆ మట్టే ముద్దు. ఈ ముక్క రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

అక్క

---

తెనాలి,
3-1-1968

అక్కా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మునికి ఎదురు చెప్పకపోతే వాడు వీరుడు కాడు, అందుకని చెప్పించాను. చేతికి అలవాటైపోయింది, కలం దానంతటదే ఛాతీ విరుస్తుంది. లావు అక్షరాలు బసవపున్నయ్యగారి పని. ఆయనకి ఆ మాట తెగ నచ్చి అట్ట వెనక కూడా వేయించారు.

ఇవాళ ఆయనతో చెప్పేశాను. ఎనిమిదో భాగంతో ముగిస్తానండి, మణికేతుడు దీవి లేకుండానే తిరిగొస్తాడండి అని. ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశారు.

"ఏంటి, జ్వరం వచ్చిందా?"

"లేదండి."

"మరి డబ్బు పెట్టి కొన్నవాడు వాడి వెంట ఏడు సముద్రాలు ఈదుకుంటూ వచ్చింది దేనికయ్యా? చివరికి, లేదమ్మా దొరకలేదు అని ఇంటికెళ్లి పడుకోవడానికా? ఆ పని వాడి ఇంట్లో రోజూ ఉండేదేగా!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రాయి చూద్దాం అన్నారు చివరికి. రాస్తున్నాను. నీ మీద ఒట్టు, ఈసారి ఛాతీ విరవనివ్వను. బావ చేతికి నొప్పి తగ్గిందేమో రాయి.

ఆంజనేయులు

---

రేపల్లె,
20-6-1968

సీతారామాంజనేయులుగారికి,

ఎనిమిదో భాగం అందింది. సముద్రంలోంచి బంగారు తాబేలు దీవిని వీపున పెట్టుకుని పైకి వచ్చింది. మణికేతుడు పట్టాభిషేకం చేసుకున్నాడు. రత్నమాల నిద్రలేచి నవ్వింది. అంతా చాలా సంతోషం.

మా ఇంట్లో తాబేలు లేదు. ఇంక పుస్తకాలు పంపవద్దు.

సీతారావమ్మ

---

తెనాలి,
2-9-1968

అక్కా,

"గారు" అని రాశావు. ఆ ఒక్క ముక్కకి రెండు నెలలు ఉత్తరం రాయలేకపోయాను. ఇప్పుడు కూడా నువ్వు చదవకుండా పొయ్యిలో పెడతావేమోనని భయంగానే ఉంది. పెట్టకు.

నేను రాసింది అది కాదు. మణికేతుడు తిరిగి రావడమే రాశాను, కంపోజు కూడా అయింది, ప్రూఫు కూడా నేనే దిద్దాను. నేను అంగలకుదురులో ఒక పెళ్లికి వెళ్లిన రోజున బసవపున్నయ్యగారు చివరి ఫారం పదహారు పేజీలూ మార్పించి వేశారు. తాబేలు ఎవరిదో నాకు తెలియదు, నాది మాత్రం కాదు. అడిగితే, "నీ పేరు చెడకుండా కాపాడానయ్యా" అన్నారు. నిజంగానే అలా నమ్ముతున్నారాయన, అందుకే పోట్లాడ బుద్ధి కాలేదు. కలం అక్కడ పెట్టి వచ్చేశాను. ఇప్పుడు ఇంకో ప్రెస్సులో శుభలేఖలు దిద్దుతున్నాను. అందులో అందరూ సుఖంగానే ఉంటారు.

నేను దిద్దిన ప్రూఫు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. పోయిన ఆదివారం అవి పట్టుకుని రైలెక్కి బాపట్ల వెళ్లాను.

బావ స్టేషను దగ్గరి గదిలోనే ఉన్నాడు. చెయ్యి అతుక్కుంది గాని కొంచెం వంకర. నన్ను చూసి, "ఏమయ్యా, మీ వాడికి దీవి దొరికిందిగా!" అన్నాడు. ఆ పుస్తకం కూడా కొనుక్కుని చదివాడు. నేను కాగితాలు చేతికిచ్చాను. కిటికీ దగ్గర కూర్చుని చదివాడు. కింద హోటల్నుంచి వచ్చిన కాఫీ చదువుతుండగానే చల్లారింది.

"ఇది వేయలేదేం?" అన్నాడు.

"జనానికి నచ్చదన్నారు బావా."

"నాకు నచ్చింది" అన్నాడు.

అప్పుడు అడిగేశాను. "బావా, పొలం వస్తుందా?" అని.

ఆయనేమన్నాడో నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఎక్కడి పొలమయ్యా! రెండో ఏడే తెలిసిపోయింది, రాదని. ఆ పాక వేసిందీ రాదని తెలిసే. సర్వేయరుగారు కూడా చెప్పేశారు, పటంలో ఉండటం వేరు, ఏరు ఇవ్వడం వేరని. అయితే మీ అక్కకి మాటిచ్చి వచ్చాను, పొలంతోనే గుమ్మం ఎక్కుతానని. ఏం మొహం పెట్టుకుని వెళ్లను? చిన్నప్పట్నుంచీ ఎన్ని కథలు విన్లేదు, ఎన్ని చదవలేదు? వెతకబోయిన వాళ్లు గెలిచి వచ్చారు, లేకపోతే అక్కడే చచ్చారు. వట్టి చేతులతో ఇంటికొచ్చినవాడికి మంచినీళ్లిచ్చిన కథ ఒక్కటి చెప్పు నాకు."

అక్కా, నాకు ఒక్కటి కూడా గుర్తు రాలేదు. అన్ని రాశాను, అందులోనూ లేదు.

ఆయనకి నీకంటే మట్టి ముద్దని రాశావు. కాదు. నీ మొహం చూడలేక ఆ మట్టి పేరు చెప్పుకుని కూర్చున్నాడు. మునికి నేను చెప్పించిన జవాబు, ఆ లావు అక్షరాలు, ఆయన మనసులో ముందే ఉన్నాయి. నేను వాటికి అచ్చు వేసిచ్చాను, అంతే.

లేవబోతుంటే ఆ కాగితాలే చూపించి, "వీడు గుమ్మం దాకా వచ్చినట్టు రాసి ఆపేశావేం? లోపల్నుంచి ఆవిడ వస్తుందిగా. ఏమంటుంది?" అని అడిగాడు. రాయలేదు బావా, నాకు తెలియదు, అక్కని అడిగి రాస్తాను అన్నాను.

ఏమంటుంది అక్కా?

నీ తమ్ముడు
ఆంజనేయులు

---

రేపల్లె,
11-9-1968

ఒరే తమ్ముడూ,

పొయ్యిలో పెట్టలేదు. చదివి, పొయ్యి వెలిగించడమే మర్చిపోయాను. ఆ పూట అటుకులతో సరిపెట్టుకున్నాను.

రెండో ఏడే తెలుసా ఆయనకి? రెండో ఏడే! నేనిక్కడ వచ్చే పోయే బస్సులన్నీ చూస్తూ, పొలం వస్తే గాని రారు కాబోలని, ఆ దిక్కుమాలిన పొలం రావాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నానే! నాకెందుకురా ఆ పొలం? పోయిన రోజున ఏడ్చాను, నిజమే. మర్నాడు వంగనారు పోశాను.

ఆవిడ ఏమంటుందని అడిగావు. ఏమీ అనకుండా కాళ్లకి దణ్ణం పెడుతుందని మాత్రం రాయకు, అబద్ధం. అంటుంది. అనడానికి ఆవిడ దగ్గర బోలెడుంది, ఒక పూటలో అయ్యేది కాదు. అయితే గుమ్మంలో అనదు. కాళ్లు కడుక్కుని, అన్నం తిని, కడుపునిండా నిద్రపోయి లేచాక అంటుంది. అనిపించుకునే ఓపిక ఉంటే రమ్మను.

మంచినీళ్ల సంగతా? మన దొడ్లో బావి ఉందని గుర్తు చెయ్యి ఆయనకి.

అక్క

---

తెనాలి,
23-9-1968

అక్కా,

ఈసారి నా సొంత ముక్క ఒక్కటీ కలపలేదు. నీ ఉత్తరమే తీసుకెళ్లి బావ చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివాడు. "బోలెడుందటనా?" అన్నాడు. "అవును బావా, ఒక పూటలో అయ్యేది కాదట" అన్నాను. తల ఊపాడు. తర్వాత, రేపల్లె బండికి తెనాలిలో ఎంతసేపు ఆగాలని అడిగాడు.

ఎప్పుడు వస్తాడో చెప్పలేదు. నేనూ అడగలేదు. వస్తే ఒక కార్డు ముక్క రాయి.

ఆంజనేయులు

---

రేపల్లె,
17-11-1968

చిరంజీవి తమ్ముడు ఆంజనేయులిని అక్క చల్లగా ఉండమని దీవిస్తోంది.

కార్డు ముక్కలో పట్టదని ఇన్నాళ్లూ రాయలేదు. దసరా వెళ్లిన వారానికి వచ్చారు. పెట్టె ఒకటి, గొడుగు ఒకటి. బండి దిగి బజారు వెంట నడిచే వచ్చారు. ఎదురింటి కోటేశ్వరమ్మగారు అరుగు మీద నుంచే, "ఏం అన్నయ్యగారూ, సాధించుకొచ్చారా?" అని అడిగింది. ఆయన ఆగి, "లేదండి" అన్నారు. అంత చిన్న మాట అనడానికి ఆయనకి ఐదేళ్లు పట్టిందిరా. నీ మణికేతుడు నిప్పుల వాగు దాటడం నేను చదివాను గాని ఈయన ఆ రెండిళ్ల మధ్య బజారు దాటడం కళ్లారా చూశాను.

అన్నం తిన్నారు. పడుకున్నారు. లేచారు గాని నేనేమీ అనలేకపోయాను. మనిషి అట్లా అయిపోయాడు. గోడవైపు తిరిగి పడుకోవడం, పెట్టింది తినడం, మళ్లీ పడుకోవడం. పొలం వైపు రారు, ముత్తయ్య పలకరిస్తే ఊఁ అంటారు. నెలరోజులు ఇదే వరస. నిజం చెప్తున్నాను, ఒకరోజు నాకే అనిపించింది, ఈయన్ని వెనక్కి తెచ్చి తప్పు చేశానా, వెతుక్కుంటూ తిరిగినంత కాలం ప్రాణమన్నా ఉండేది కదా అని. కలం తీసి నీకు రాయబోయాను కూడా, తిరిగొచ్చిన మర్నాటి నుంచి వీరుడు ఏం చేస్తాడో చెప్పరా అని. ఏ పుస్తకంలోనూ లేదుగా, నువ్వు మాత్రం ఏం చెప్తావు పాపం.

ఇవాళ మధ్యాహ్నం వసారాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. ఆయన వచ్చి ఎదురుగా కింద కూర్చున్నారు. చేటలోంచి గుప్పెడు తీసుకుని ఆ వంకర చేత్తోనే మెల్లిగా ఒలవడం మొదలుపెట్టారు. కాసేపయ్యాక, తల ఎత్తకుండానే, "ఇన్నేళ్లూ నువ్వెట్లా ఉన్నావు సీతా?" అన్నారు.

పెళ్లయి ఇరవై ఏళ్లయింది. ఆ మాట ఆయన ఎప్పుడన్నా అడిగినట్టు నాకు గుర్తు లేదు. లంక బాగుందా, గేదె ఈనిందా, కూలీలు వచ్చారా, ఇవే. పొలం ఉన్ననాడూ అడగలేదు.

ఇంక మొదలుపెట్టానురా. ఏం చెప్పానో నాకే తెలియదు. గాలివానకి చావడి కప్పు లేచిపోతే నిచ్చెన ఎక్కి తాటాకు నేనే కప్పిన సంగతి. మొగుడు ఉన్నాడో లేడో తెలియనిదాన్ని పేరంటానికి పిలవాలా వద్దా అని ఊరి ఆడవాళ్లు నా ముందే గుసగుసలాడిన సంగతి. నాకు విషజ్వరం వచ్చినప్పుడు ముత్తయ్య పెళ్లాం తప్ప తలుపు తట్టినవాళ్లు లేని సంగతి. అమ్మ పోయిన రోజున నువ్వూ నేనూ వాకిట్లో పాడె దగ్గర నిలబడి ఆయన కోసం బాట చూసిన సంగతి. ఏడ్చాను, తిట్టాను, "మీ పటాలకి నిప్పు పెట్ట" అన్నాను. నా నోటికి అంత సత్తువ ఉందని నాకే తెలియదు. కోటేశ్వరమ్మగారు అరుగు మీదికొచ్చి నిలబడితే, "వినండి, మీరూ వినండి" అని కేకలేశాను.

వెనకటి మనిషయితే మొదటి మాటకే కండువా దులిపి బజార్లోకి పోయేవారు. నీకు తెలుసుగా. ఇవాళ లేవలేదు. ఒక్క మాటకీ అడ్డం రాలేదు. అమ్మ సంగతి వచ్చినప్పుడు మాత్రం చిక్కుళ్లు ఒలవడం ఆపి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు కూడా.

నా గొంతు బొంగురుపోయింది. అలిసిపోయి ఆగాను. ఆయన లేచి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి నా చేతికిచ్చారు. మళ్లీ అక్కడే కూర్చున్నారు.

"ఇంకా ఉందా?" అన్నారు.

"ఉంది" అన్నాను.

"చెప్పు" అన్నారు.

గేదె అరుస్తోందని లేచి, పాలు పిండి, ఈ నాలుగు ముక్కలు నీకు రాస్తున్నాను. ఆయన ఇంకా వసారాలోనే కూర్చుని ఉన్నారు, నేను వస్తానని. అందుకని ఇక ఆపుతాను.

అక్క
సీతారావమ్మ